బండి, బడి, మందు: క్షయ సోకిన చిరువ్యాపారి కుటుంబానికి ఒక పాఠం

బెంగళూరు నగరంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి నేటికీ కొత్తవారు వచ్చి చేరుతూనే ఉన్నారు. వారిలో ఎందరికో ఇడ్లీ బండి, పూల బుట్ట, కూరగాయల తోపుడు బండి జీవనాధారాలు. ఉద్యోగికి జబ్బు చేస్తే సెలవు దొరుకుతుంది. చిరువ్యాపారికి సెలవంటే ఆనాటి ఆదాయం లేనట్లే. ఇంట పసిపిల్లలు కూడా ఉంటే జబ్బును దాచిపెట్టి పనిలోకి దిగడమే తరుణోపాయంగా తోస్తుంది. క్షయ విషయంలో ఆ దాపరికమే అన్నిటికన్నా పెద్ద నష్టాన్ని తెచ్చిపెడుతుంది. వైద్యం, పిల్లల సంరక్షణ, వ్యాపారం అనే మూడింటినీ కలిపి ఎలా నడుపుకోవచ్చునో ఈ పాఠం వివరిస్తుంది.

1. దగ్గును లెక్కపెట్టడం

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం క్షయకు సూచనలు. ఇడ్లీ బండి నడిపే ఒక తల్లిని ఊహించుకొందాం. తెల్లవారుజామున లేచి పొయ్యి దగ్గర నిలిచే ఆమె, తన దగ్గుకు పొగను కారణంగా చెప్పుకొంటుంది. చిక్కిపోవడానికి శ్రమను కారణంగా చెప్పుకొంటుంది. రెండూ నమ్మదగిన కారణాలే కనుక మూడవ కారణాన్ని వెదకరు. అందువల్ల వారాలు లెక్కపెట్టడం ముఖ్యం. రెండు వారాలు దాటితే సమీపంలోని నమ్మ క్లినిక్‌కు గాని, నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని వెళ్లి కళ్లె పరీక్ష అడగాలి. కన్నడం బాగా రానివారు ఈ ఒక్క వాక్యం నేర్చుకొంటే చాలు: ‘ఎరడు వారదింద కెమ్ము ఇదె, కఫ పరీక్షె మాడిసబేకు.’

2. వైద్యం సాగే తీరు

జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. మందులకు లొంగే సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ప్రతిదినం వేసుకోవాలి. కొన్ని వారాలలోనే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. వ్యాపారం చేసుకొనేవారు మందు మానేది ఎక్కువగా అప్పుడే. శరీరంలో మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారితే చికిత్స కష్టతరమవుతుంది, ఖర్చూ శ్రమా పెరుగుతాయి.

మందు మొదలైన తరువాత మూత్రం నారింజ రంగుకు మారడం సహజం, దానికి భయపడనక్కరలేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే వైద్యునికి చూపాలి. ఈ చికిత్సలో ఉన్న స్త్రీలకు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. కనుక వేరే పద్ధతిని గురించి ఆరోగ్య కార్యకర్తను అడగడం మంచిది.

రోగి పేరు నిక్షయ్ అనే జాతీయ జాబితాలో నమోదవుతుంది. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు; 2024 నవంబరు నుండి అది 1,000 రూపాయలయింది. ఈ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా వివరాలు నమోదైనదీ లేనిదీ తొలి వారంలోనే సరిచూసుకోవాలి.

3. పిల్లల రక్షణ

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలే దానికి వాహనాలు. కంచం, చెంబు, పక్కబట్టల వల్ల అది అంటుకోదు. సరైన మందు మొదలైన సుమారు రెండు వారాలలో ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ కొద్దికాలం తల్లి మాస్కు ధరించి, గాలి వెలుతురు వచ్చే చోట వేరుగా పడుకొంటే మేలు. ఒకే గది ఉన్న ఇంట్లో కనీసం కిటికీ, తలుపు తెరచి ఉంచాలి.

ఇంట్లో అందరికీ పరీక్ష జరగాలి. ముఖ్యంగా అయిదేళ్ల లోపు పిల్లలలో క్షయ త్వరగా ముదిరే ప్రమాదం ఉంది. పుట్టగానే బి.సి.జి. టీకా వేయించామన్న ధీమాతో పరీక్ష మానరాదు. పిల్లలకు జబ్బు లేదని తేలితే నివారణ మందు ఇస్తారు. తల్లి చనుబాలు మాన్పించనక్కరలేదు. మాస్కు ధరించి పాలివ్వవచ్చు. మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపితే ఆ వేళ తల్లికి విశ్రాంతి, బిడ్డకు ఆహారం రెండూ లభిస్తాయి.

4. బండి స్థలం పోతుందా?

చాలామంది జబ్బును దాచడానికి అసలు కారణం ఈ భయమే. రెండు వారాలు బండి పెట్టకపోతే ఆ చోట మరొకరు నిలుస్తారని వారి ఆందోళన. ఇక్కడ తెలుసుకోవలసిన చట్టం ఒకటి ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం, వ్యాపార ధ్రువపత్రం ఉన్న వ్యక్తి జబ్బుపడితే, ఆ పత్రం చెల్లుబాటులో ఉన్నంతవరకు భార్య లేక భర్త, వారి తరువాత ఆధారపడిన సంతానం ఆ స్థానంలో వ్యాపారం చేయవచ్చు. అయితే పత్రాన్ని, స్థలాన్ని బయటివారికి అద్దెకివ్వడం అదే చట్టం నిషేధించింది. అట్లా ఇస్తే పత్రం రద్దు కావచ్చు. ధ్రువపత్రం లేనివారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దానికి ప్రయత్నించాలి. ఇల్లు కాలుతుండగా నుయ్యి తవ్వబూనడం వల్ల ఫలం లేదు.

సంతానం అన్నారు కదా అని చదువుకొనే పిల్లవానిని బడి మాన్పించి బండి దగ్గర నిలబెట్టరాదు. ఆరు నుండి పద్నాలుగేళ్ల వరకు చదువు పిల్లల హక్కు. ఆహారం అమ్మేవారు అంటువ్యాధి ఉన్న కాలంలో వంట, వడ్డన పనులకు దూరంగా ఉండాలన్నది ఆహార భద్రతా నియమం. కనుక వైద్యుడు అనుమతించిన తరువాతనే తిరిగి బండి దగ్గరకు వెళ్లాలి.

పి.ఎం. స్వనిధి అప్పు ఉన్నవారు వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి పరిస్థితి చెప్పుకోవాలి. సకాలంలో చెల్లించేవారికి వచ్చే 7 శాతం వడ్డీ రాయితీ, పై విడత అప్పు రెండూ వాయిదాల క్రమం మీదనే ఆధారపడి ఉంటాయి. చెప్పకుండా ఊరుకొని, ఆ లోటును రోజువారీ వడ్డీ అప్పుతో పూడ్చుకొంటే జబ్బు తగ్గినా అప్పు తగ్గదు.

5. ఊరికి వెళ్లవలసి వస్తే

‘ఊరికి పోయి అమ్మ దగ్గర నాలుగు నెలలు ఉండి వస్తాను’ అనుకోవడం సహజమే. అందులో తప్పు లేదు, మందు ఆగనంతవరకు. నిక్షయ్ నమోదు దేశమంతటికీ చెల్లుతుంది. ప్రయాణానికి ముందే ఆరోగ్య కార్యకర్తకు చెబితే చికిత్సను కదిరికో, మదనపల్లెకో బదిలీ చేస్తారు. ప్రయాణ దినాలకు సరిపడే మాత్రలు, పరీక్ష కాగితాలు వెంట ఉంచుకోవాలి. సందేహాలకు ఉచిత ఫోను: 1800 11 6666.

6. ఇరుగుపొరుగు చేయదగినది

జబ్బును దాచేవారు లోకం మాటకు కూడా భయపడతారు. చికిత్సలో ఉన్న స్త్రీని పుట్టింటికి పంపివేయడం, పిల్లలను ఆటకు రానీయకపోవడం వల్ల ఎవరికీ రక్షణ కలగదు. అవి రోగిని ఆసుపత్రికి దూరం చేస్తాయి. పక్కింటివారు పిల్లలను బడిలో దింపి రావచ్చు. పక్క బండివారు ఆ చోటు ఖాళీ కాకుండా చూడవచ్చు. ఎవరైనా ఒకరు ప్రతిదినం ‘మందు వేసుకొన్నావా, అక్కా?’ అని అడగవచ్చు. ఆరు నెలల చికిత్స పూర్తి కావడానికి ఈ పాటి తోడు ఎంతో అవసరం.

పునశ్చరణ

1. ఎన్ని వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలి?
2. దగ్గు తగ్గిన తరువాత కూడా మందు ఎందుకు కొనసాగించాలి?
3. వ్యాపారి జబ్బుపడితే ఆ స్థానంలో ఎవరు వ్యాపారం చేయవచ్చు? ఎవరికి అప్పగించరాదు?
4. మీ ఇంట సంపాదించేవారు రేపు మంచం పడితే బండి ఎవరు నడుపుతారు, పిల్లలను ఎవరు చూస్తారు, వాయిదా ఎవరు కడతారు? మూడు పేర్లు ఒక కాగితం మీద వ్రాసి, వ్యాపార ధ్రువపత్రంతో కలిపి భద్రపరచండి.