వెలుతురుతో పందెం కాసేవాళ్లకు

భద్రాచలం, ఖమ్మం బళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కాంతిని మించిపోయే కొత్త సిద్ధాంతమేదో పట్టుకుని కుర్రాళ్లు ఇప్పటికీ ఇంటికొస్తుంటారు. వాళ్లతో అనే మాటలే ఇవి.

1. జవాబు చూసుకుని కొలబద్ద కొయ్యకూడదు.

విజయనగరంలో బుక్కరాయల మంత్రి సాయణుడు 14వ శతాబ్దంలో రాసిన ఋగ్వేద భాష్యంలో, సూర్యుడు అర నిమేషంలో 2,202 యోజనాలు సాగుతాడన్న మాట ఉంది. అది కాంతి వేగమేనంటూ ఓ రోజు నేను బోర్డు మీద లెక్కకట్టి, సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు రప్పిస్తే క్లాసంతా చప్పట్లు. యోజనం ఎనిమిది కిలోమీటర్లన్నవాళ్లున్నారు, పద్నాలుగన్నవాళ్లూ ఉన్నారు. నిమేషం సంగతీ అంతే. లెక్క కుదిరే జతనే నేను ఏరుకున్నాను. "ఇంకో యోజనంతో చేసి చూపించండి సార్" అంది వెనక బెంచీ పిల్ల. గద్దించి కూర్చోబెట్టాను. ఆ రోజు క్లాసులో భౌతికశాస్త్రం తెలిసింది ఆ అమ్మాయికే. సాయణుడి పాండిత్యానికి నా లెక్కతో పని లేదు, చప్పట్లు కావలసింది నాకు. కాంతి రావడానికీ సమయం పడుతుందన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు రోమర్ అయితే, 1676లో బృహస్పతి ఉపగ్రహం అయో గ్రహణం వీడటం నవంబరులో పది నిమిషాలు ఆలస్యమవుతుందని రెండు నెలల ముందే ప్రకటించి కూర్చున్నాడు. తప్పితే పరువు పోయేది.

2. ఎక్కడ ఓడిపోతుందో చెప్పని సిద్ధాంతం గెలిచినా లెక్కలోకి రాదు.

2011లో సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా, 730 కిలోమీటర్లు, న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే చేరాయన్నారు. ఆ ప్రయోగం చేసిన ఒపేరా బృందం పండగ చేసుకోలేదు, తప్పుంటే పట్టుకోమని తోటి శాస్త్రజ్ఞులను అడిగింది. మరుసటి ఏడాది దొరికింది. ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదు! కాంతిని మించే కణాలకు సాపేక్షతలోనే చోటుందని 1962లో మన భౌతికశాస్త్రవేత్త సుదర్శన్ సహచరులతో కలిసి వాదించారు. ఇంతవరకు ఒక్కటీ చిక్కలేదు. 2017లో న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి గురుత్వ తరంగాలు, గామా కిరణాలు 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో అందాయి. వాటి వేగాలు వేరన్న సిద్ధాంతాలు ఎన్నో అక్కడితో చెల్లకుండా పోయాయి.

3. వేగం మాట తర్వాత, ముందు దూరం చూడండి.

మే నెల మధ్యలో రాత్రి పదకొండింటికి భద్రాచలం స్నానఘట్టం మీద దక్షిణానికి తిరిగి నిలబడండి. గోదావరి అవతలి గట్టుకు పైన, చాచిన చేతి పిడికిలంత ఎత్తులో జంట చుక్కలుంటాయి. దీపాలు అడ్డొస్తే కాస్త జరగాలి. ఎడమది ఆల్ఫా సెంటారి. దాని వెలుతురు మన కంటికి చేరడానికి నాలుగేళ్ల పైచిలుకు. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1కి అంత దూరం డెబ్బై వేల ఏళ్ల పైమాటే. ముందున్న అంతరిక్షాన్ని కుదించి, వెనక సాగదీసి కాంతిని మించి వెళ్లొచ్చని 1994లో అల్కుబియెరె సమీకరణాలు రాశాడు. లెక్క తప్పని ఎవరూ అనరు, దానికి కావలసినంత రుణాత్మక శక్తే ఎక్కడా లేదు. "అదెక్కడి నుంచి తెస్తావురా?" అని ఘట్టం మీద నా పక్కన కూర్చున్న కుర్రాణ్ణి అడుగుతాను. వాడు జవాబు మొదలుపెడతాడు. వినకుండా లేవను, ఆలోగా మా ఆవిడ గేటుకు తాళం వేసేసుకున్నా సరే.