అద్దె పెరిగింది సరే... మీ రేటు పెరిగిందా?

2007లో అగ్గిపెట్టె ధర అర్ధరూపాయి నుంచి రూపాయికి చేరింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు అక్కడే కూర్చుంది. ఈలోగా మైనం, అట్ట, ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేట్, లారీ కిరాయి... అన్నీ పెరిగాయి. అగ్గిపెట్టె మాత్రం అదే రూపాయి. చివరికి అయిదు తయారీదారుల సంఘాలు తమిళనాడులోని శివకాశిలో కూర్చుని మాట్లాడుకున్నాయి. 2021 డిసెంబరు 1 నుంచి పెట్టె రెండు రూపాయలని తేల్చేశాయి. మిన్ను విరిగి మీద పడలేదు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతంలో వేల కుటుంబాలకు అన్నం పెట్టే సరుకు అది. దాన్నోసారి చేతిలోకి తీసుకుని మీ సంగతి ఆలోచించండి. ఇంటి ఓనరు ఏటా అద్దె పెంచుతున్నాడు. పాలవాడు పెంచాడు. బడి ఫీజు పెరిగింది. మరి మీరు? చివరిసారి జీతం పెంచమని ఎప్పుడు అడిగారు? కుట్టుకూలీ, ట్యూషన్ ఫీజు, మెకానిక్ పని... మీరు తీసుకునే రేటు ఎన్నాళ్లుగా కదల్లేదు? మనలో చాలామంది రూపాయి అగ్గిపెట్టెలమే. లోపల సరుకు ఖరీదవుతున్నా పైన పాత ధరే వేసుకుని తిరుగుతున్నాం.

ఊరు పెరిగితే అద్దె ఊరుకోదు

మదురై నుంచి కన్యాకుమారి వెళ్లే నాలుగు వరుసల 44వ నంబరు జాతీయ రహదారి విరుదునగర్‌నీ కోవిల్‌పట్టినీ కలుపుతుంది. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. జిల్లాలోని ఇ.కుమారలింగపురంలో పెద్ద జౌళి పార్కు పెడతామని 2023లో కేంద్రం ప్రకటించింది. డాక్టర్లు, నర్సులు, విద్యార్థులు, ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు... వచ్చే ప్రతి మనిషికీ గది కావాలి. ఇళ్లు అంత వేగంగా లేవవు. ఇందులో మీ తప్పేమీ లేదు, మీ ఓనరు దుర్మార్గుడూ కాడు. మీ చేతిలో లేనిదాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే బీపీ కూడా పెరుగుతుంది, దాని మందుల ఖర్చు అదనం. మీ చేతిలో ఉన్నవేమిటో చూద్దాం.

ముందు నామోషీ దించేయండి

విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ 1954 నుంచి 1963 దాకా తొమ్మిదేళ్లు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. మద్రాసులో తిరుమలై పిళ్లై రోడ్డులో అద్దె ఇంట్లో ఉన్నారు. 1975లో కన్నుమూసిందీ ఆ ఇంట్లోనే. విరుదునగర్‌లో తల్లి ఉన్న ఇంటికి మునిసిపాలిటీవాళ్లు విడిగా కొళాయి వేస్తే, అది తీయించేసి అందరిలాగే వీధి కొళాయి దగ్గర పట్టుకోమన్నారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అద్దె ఇల్లు పరువు తక్కువేం కాదు. పరువు కోసం తాహతుకు మించిన ఇల్లు తీసుకుని, నెలాఖరుకు చేబదుళ్లకు తిరగడం పరువు తక్కువ. ‘మా తోడల్లుడు రెండు బెడ్‌రూముల ఇంట్లో ఉన్నాడు’ అన్నది ఇల్లు మారడానికి కారణం కాకూడదు. మీ ఆఫీసు, పిల్లల బడి, ఇంట్లో పెద్దల ఆరోగ్యం... కారణాలంటే ఇవి.

బోర్డు మీది అద్దె అసలు అద్దె కాదు

టు-లెట్ బోర్డు చూసి ఫోను చేసేవాళ్లు అడిగేది ఒకటే: ‘అద్దె ఎంతండీ?’ దాంతో పాటు ఇంకో నాలుగు అడగండి.

కరెంటు మీటరు విడిగా ఉందా? తమిళనాడులో గృహ కనెక్షన్‌కు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. రెండు పోర్షన్లకు ఒకే మీటరైతే ఆ వంద పంచుకోవాలి. పైగా రెండు ఇళ్ల వాడకం కలిసి పై శ్లాబులోకి ఎక్కుతుంది. ఓనరు యూనిట్‌కు ఇంత అని సొంత రేటు చెబితే అది బిల్లుతో సరిపోతుందో లేదో చూసుకోండి.

నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయి? ఇది వానలు తక్కువ పడే నల్లరేగడి సీమ. ఎండాకాలంలో లారీ నీళ్లు, బిందె నీళ్లు కొనే ఇల్లయితే ఆ డబ్బునూ అద్దెలోనే కలపండి.

టౌన్ బస్సు ఎంత దూరం? 2021 మే నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఊరి నడిబొడ్డున ఇరుకు పోర్షన్‌కు పోసే డబ్బుతో బస్సు దారిలో గాలి, వెలుతురు ఉన్న ఇల్లు దొరకవచ్చు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. సీజన్ టికెట్‌తో ఒక ఊళ్లో ఉండి ఇంకో ఊళ్లో పని చేసుకోవచ్చేమో కూడా లెక్క వేయండి.

అడ్వాన్సు ఎంత? అది తిరిగొస్తుంది కాబట్టి ఖర్చు కాదనుకోకండి. అప్పు తెచ్చి కట్టిన అడ్వాన్సు మీద ప్రతి నెలా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

ఇవన్నీ కలిపి జీతంలో మూడో వంతు దాటితే ఆ ఇంటికి దండం పెట్టి వచ్చేయండి.

ఒత్తి: ఎవరికి లాభం, ఎవరికి ఉచ్చు?

దక్షిణ తమిళనాడులో ‘ఒత్తి’ పద్ధతి ఉంది. ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తే గడువు తీరేదాకా అద్దె లేకుండా ఉండవచ్చు. ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి ఇస్తారు. ‘అద్దె లేదు’ అనే మాటకు పడిపోతాం. ఒక ఉదాహరణతో చూద్దాం. ఇంటికి ఒత్తి 4 లక్షలు, అలాంటి ఇంటికే అద్దె 6,000 అనుకోండి.

ఆ డబ్బు మీదే అయి, బ్యాంకులో ఏడు శాతానికి ఉందనుకుందాం. ఏడాదికి పోయే వడ్డీ 28,000, అంటే నెలకు 2,300 పైచిలుకు. ఆరు వేల ఇల్లు దాదాపు 2,300కు వచ్చినట్లే. భేషుగ్గా తీసుకోండి. బంగారం బ్యాంకులో పెట్టి ఏడాదికి 9 శాతానికి తెస్తే నెలకు 3,000. అదీ నయమే, తీర్చే దారి ఉంటే. నూటికి రూపాయిన్నర వడ్డీకి తెస్తే నెలకు సరిగ్గా 6,000. అద్దె ఇచ్చినా అంతే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చారా, నెలకు 8,000. ‘అద్దె లేని ఇల్లు’ మీకు అద్దె ఇంటికన్నా రెండు వేలు ఎక్కువ పడింది!

ఇంకో సంగతి. ఒత్తి అంటే ఇల్లు స్వాధీనం చేసి ఇచ్చే తనఖాయే, దానికి రిజిస్టరైన పత్రం ఉండాలి. తెల్లకాగితం మీద సంతకాలతో లక్షలు చేతిలో పెట్టకండి. ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందో లేదో చూడండి. మొహమాటం ఖరీదు ఒక్కోసారి నాలుగు లక్షలు.

గొణగొద్దు, మాట్లాడండి

ఓనరు ‘వచ్చే నెల నుంచి వెయ్యి ఎక్కువ’ అంటే ఎదుట తలూపి, ఇంటికొచ్చి భార్య మీద చిరాకు పడతాం. దానికి బదులు ఒక రోజు ఆగి, వెళ్లి కూర్చుని ఇలా అనండి:

‘అన్నా, నాలుగేళ్లుగా అయిదో తారీకు దాటకుండా ఇస్తున్నాం. ఇల్లు మా ఇంటిలాగే చూసుకుంటున్నాం. మేం ఖాళీ చేస్తే మీకు సున్నాలు, రిపేర్లు, బ్రోకరు... ఒకట్రెండు నెలలు తాళం కూడా పడొచ్చు. నాలుగొందలు పెంచండి. రెండేళ్లకు కాగితం రాసుకుందాం. ఆ రెండేళ్లూ మళ్లీ ఈ మాట వద్దు.’

గొంతు పెంచలేదు, బతిమాలలేదు. ఆయన లాభం ఆయనకు చూపించారు, అంతే. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు. ఎలాగూ వెయ్యి అన్నాడు కదా!

చట్టమూ తెలుసుకోండి. 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన తమిళనాడు కొత్త అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అధికారి దగ్గర నమోదు కావాలి. వేరేగా రాసుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. తగవు వచ్చిందని నీళ్లు, కరెంటు కట్ చేయకూడదు. చట్టం తెలిసినవాడి గొంతులో వణుకుండదు. అది గొడవకు దిగడానికి కాదు, ధైర్యంగా కూర్చోవడానికి.

గుప్పెడు ముందే తీసి పెట్టండి

విరుదునగర్ వర్తకులకు ‘మహమై’ అనే అలవాటు ఉండేది. ప్రతి బేరంలోంచి చిన్న వాటా ఉమ్మడి నిధికి. ఇళ్లలో ఆడవాళ్లు గుప్పెడు బియ్యం విడిగా తీసి పెట్టేవారు. అలాంటి గుప్పెళ్లతో నడిచిన బడి క్షత్రియ విద్యాశాల, 1889లో మొదలైంది. కామరాజ్ చదివింది అక్కడే. మిగిలాక ఇవ్వలేదు వాళ్లు, వండకముందే తీశారు. మీరూ జీతం పడిన రోజే, అది అయిదు వందలైనా సరే, పక్కకు తీయండి. మిగిలాక దాద్దామంటే మిగలదు.

ఈ ఊరి నుంచే ఇంకో అలవాటు. విరుదునగర్ మార్కెట్ ధరలు తమిళ పత్రికల్లో వారం వారం వస్తాయి. పప్పు, నూనె, మిర్చి ఎంత పెరిగాయో వర్తకుడికి నోటి లెక్క. మీ వంటింటి తలుపు వెనకా ఒక కాగితం అంటించండి. ప్రతి నెలా పది సరుకుల ధరలు రాయండి. మూడు నెలల్లో ఏది ఎప్పుడు కొనాలో మీకే తెలుస్తుంది. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పప్పు బస్తా తెచ్చుకుని పంచుకోండి. కూరగాయలకు ఉళవర్ సందైకి వెళ్లండి, అది మన రైతుబజారు లాంటిదే. ఇల్లు మారగానే రేషన్ కార్డులో చిరునామా మార్పించుకోండి. ఉచిత బియ్యం, రాయితీ పప్పు, పామాయిల్ మీ హక్కు. దానికి మొహమాటం దేనికి?

ఇప్పుడు అసలు పని

ఖర్చు తగ్గించుకోవడానికి ఒక అడుగు ఉంది, అంతకన్నా కిందకు దిగలేం. ఆదాయానికి పైన కప్పు లేదు. అందుకే ఎక్కువ బుర్ర అక్కడ పెట్టండి.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే పల్లె ఉంది. 1923లో అక్కడ పుట్టిన కి.రాజనారాయణన్‌ది తెలుగు మాట్లాడే ఇల్లు. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆయన ఊరి మాటల్ని, ముసలమ్మల కథల్ని పోగుచేశారు. తెలుగువాళ్లు దక్షిణాదికి వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’గా రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద విభాగంలో ఆచార్యుడిగా కూర్చోబెట్టింది. సర్టిఫికెట్ లేదని ఆయన కుంగిపోలేదు. తన దగ్గర ఉన్నదాన్ని లోకానికి పనికొచ్చేలా మలిచారు.

మీ దగ్గర ఏముంది? ఈ సీమలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లు ఎందరో. వాళ్లలో తెలుగు చదవడం రానివాళ్లూ ఎందరో. నాలుగు నెలలు కష్టపడి అక్షరాలు నేర్చుకోండి. విరుదునగర్ మిర్చి వర్తకుడికి గుంటూరుతో మాట్లాడే మనిషి కావాలి. రెండు భాషల్లో మాట్లాడి, రాసి, లెక్క చెప్పగలిగితే మీరు మామూలు గుమస్తా కాదు.

తర్వాత అడగండి. ఏడాదిలో యజమానికి మీరేం చేసిపెట్టారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ‘ఇల్లు గడవట్లేదు సార్’ అనకండి, అది మీ కష్టం. ‘ఈ పని నేను ఇలా చేశాను, మీకు ఇంత మిగిలింది’ అనండి, అది ఆయన లాభం. అడగడం ఒక్కటే చాలదు సుమా. అగ్గిపెట్టె ధర పెరిగాక కూడా చవక లైటర్లతో పోటీ తప్పలేదు. 2023లో ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం ఆపాల్సి వచ్చింది. మిమ్మల్ని కాపాడటానికి ఏ ప్రభుత్వమూ అలాంటి ఉత్తర్వు ఇవ్వదు. మీ పనితనమే మీకు కాపలా.

ఈ నెలలో మూడు పనులు చేయండి. ఇంటి అసలు ఖర్చు కాగితం మీద పెట్టండి. ఓనరుతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. మీ పనికి కొత్త ధర చెప్పండి. అద్దె పెంచేవాడు ఏటా తప్పకుండా అడుగుతున్నాడు. మీరూ అడగడం మొదలుపెట్టండి.