ప్రశ్నపత్రానికి పడిన గండి

కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువు గట్టును కాచే మనిషి పెద్ద అలకు అంతగా భయపడడు. ఎండ్రకాయ తొలిచిన బొరియకు భయపడతాడు. తెల్లవారేసరికి ఆ బొరియే గండి అవుతుంది. ఏడాది శ్రమ నీటివెంట పోతుంది. ప్రశ్నపత్రం ముందుగా బయటపడటం అటువంటిదే.

పూర్వం అవధాన సభలలో ఈ చింత లేదు. యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రితో కలసి అవధానం చేసేటప్పుడు పృచ్ఛకుని ప్రశ్న సభలోనే పుట్టేది. దాచవలసిన పత్రమే లేదు. (ముందే మాట్లాడుకొని వచ్చిన పృచ్ఛకుడు ఏ సభలోనూ ఉండడని మాత్రం నేననను.) నేడు లక్షలమంది ఒకే గడియలో ఒకే ప్రశ్నకు సమాధానం వ్రాయాలి. కనుక ప్రశ్న ముందుగానే అచ్చయి, సీలు పడి, పోలీసు ఠాణాలో భద్రపడి, అక్కడి నుండి పరీక్షా కేంద్రానికి చేరుతుంది. ఇన్ని చేతులలో ఏ ఒక్కటి వదులైనా గట్టు తెగినట్లే.

ఈ చేతులను ఉద్దేశించినదే 1997 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ పరీక్షల చట్టం. పరీక్షా విధులలో ఉన్నవారు ప్రశ్నపత్రాన్ని వెల్లడిచేస్తే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలుశిక్ష, అయిదు వేల నుండి లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2022లో పదవ తరగతి పరీక్షలు జరుగుతుండగానే ప్రశ్నపత్రాల ఛాయాచిత్రాలు సెల్‌ఫోనులలో బయటికి వచ్చాయి. అది లీకా, మాల్‌ప్రాక్టీసా అని పెద్దలు వాదించుకున్నారు. ఈ చట్టం కింద అరెస్టయిన వారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు. ఒక అధ్యాపకునిగా ఆ వార్తను నేను తలదించుకొనే చదివాను.

2024లో కేంద్ర ప్రభుత్వం మరొక చట్టం చేసింది. అది జూన్ 21న అమలులోకి వచ్చింది. అక్రమానికి మూడు నుండి అయిదేళ్ళ శిక్ష; ముఠాకట్టి చేస్తే అయిదు నుండి పదేళ్ళు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. తాడేపల్లిగూడెంలో ఇంటర్ పరీక్ష వ్రాసే విద్యార్థికి వర్తించేది రాష్ట్ర చట్టం. అదే ఊరిలో 2015లో వెలసిన నిట్‌లో సీటు కోసం అతడు వ్రాసే జేఈఈ మెయిన్‌కు వర్తించేది కేంద్ర చట్టం. కేంద్ర చట్టం అభ్యర్థిని జైలుకు పంపదు. అతని తప్పును ఆ పరీక్షా సంస్థ నిబంధనలకే విడిచిపెట్టింది. దాని గురి పత్రాన్ని అమ్మేవారిపైనే ఉన్నది. ఇది న్యాయమేనని నా అభిప్రాయం.

అయితే గండి పడినప్పుడు నష్టపోయేదెవరు? తెలంగాణలో 2016 జూలై 9న జరిగిన ఎంసెట్-2 పత్రం లీకైనదని తేలి పరీక్ష రద్దయింది. సెప్టెంబరు 11న మళ్ళీ జరిగింది. నిజాయితీగా చదివినవారూ ఆ రెండు నెలలు పాత పుస్తకాల ముందే కూర్చున్నారు. కొల్లేటి లంకల నుండి వేకువనే బయలుదేరి ఏలూరుకు వచ్చి పరీక్ష వ్రాసే బాలికకైనా రేపు అదే గతి పట్టవచ్చు. దోషి అయిన సంస్థ నుండి పరీక్షా నిర్వహణ ఖర్చును రాబట్టుకోవడానికి కొత్త చట్టంలో వీలున్నది. ఆ బాలిక పోగొట్టుకొనే నెలల లెక్క మాత్రం అందులో లేదు.