కాలువ చివరి పొలం

కాలువ మొదటి పొలంలో నీరు పొంగిపొరలుతుంటే, చివరి పొలం బీటలు వారుతుంది. ఈ లోటు తీర్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో ఒక చట్టం చేసింది. రైతులే నీటి వినియోగదారుల సంఘాలుగా ఏర్పడి, కాలువలను బాగుచేసుకొని, వంతులవారీగా నీరు పంచుకోవాలి. తమిళనాడు కూడా ఇటువంటి చట్టమే చేసింది.

బిందుసేద్యం మరొక మార్గం. సన్నని గొట్టాల ద్వారా నీరు మొక్క మొదట్లోనే చుక్కలుగా పడుతుంది, వృథా తగ్గుతుంది. గొట్టాల ఖర్చు పేదరైతుకు భారం కనుక ప్రభుత్వాలు రాయితీ ఇస్తున్నాయి.

ఇది పల్లెల సంగతే అనుకోరాదు. శ్రీశైలం నుండి పొలాలను తడుపుతూ వచ్చే తెలుగుగంగ నీరు 1996లో మొదటిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరింది. ఆ కాలువకు చివరి పొలం మన నగరమే! పైవారు పొదుపు చేస్తేనే కిందివారికి నీరు.

ప్రశ్న: చెన్నైని చివరి పొలంతో ఎందుకు పోల్చారు?