పాపిట మీద చెయ్యి వెయ్యకు చెల్లీ

చెల్లీ, ఇలా వచ్చి కూర్చో. వీపు వెనక దిండు పెట్టుకో, తల మాత్రం ముందుకు వంచకు. జుట్టు నాటించుకుంది నిన్ననే కదా! అద్దంలో చూసుకుని బెంగపడ్డావని మీ ఆయన చెప్పాడు. ఎర్రటి చుక్కలు, వాటి మీద పక్కులు, కొంచెం వాచిన నుదురు... నేనూ మొదటిరోజు అలాగే చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

నాకెందుకు చేయించుకోవాల్సి వచ్చిందో నీకు తెలుసుగా. బడికెళ్ళే రోజుల్లో అమ్మ రెండు జడలూ కనుబొమలు పైకి లాక్కుపోయేంత బిగించి, మడిచి రిబ్బన్లు కట్టేది. పెళ్ళయ్యాక సవరం, దాని మీద రెండు మూరల మల్లెపూలు. ఏళ్ళ తరబడి అలా లాగితే కణతల దగ్గర కుదుళ్ళు శాశ్వతంగా పోతాయనీ, దాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారనీ నలభై దాటాకే తెలిసింది నాకు. అమ్మను ఏమీ అనలేదు. ఆవిడకు తెలిసిన ముద్దు అదే. మా అమ్మాయికి మాత్రం వదులుగానే వేస్తున్నా.

నీ తలలో ఇప్పుడున్నది అప్పుడే నాట్లేసిన మడి అనుకో. వెనక తల నుంచి తీసిన కుదుళ్ళను ముందు నాటారు. అవి పట్టుకోవడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. అంతవరకూ అక్కడ గోరు తగలకూడదు. దురద పెడుతుంది, బాగా పెడుతుంది. వాళ్ళిచ్చిన సెలైన్ స్ప్రే కొట్టుకో, ఓర్చుకోలేకపోతే డాక్టర్ని మాత్ర అడుగు. పక్కు చివర లేచింది కదా అని లాగావో, దాంతోపాటు కుదురు కూడా ఊడి రావచ్చు. ఎక్కడైనా రక్తం కనిపిస్తే శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా అదిమి పట్టుకుని డాక్టరుకు ఫోన్ చెయ్యి.

ఈ వారం రాత్రుళ్ళు తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకో. రెండు మూడు దిళ్ళు ఏటవాలుగా వేసుకుంటే సరిపోతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో వాపు నుదుటి నుంచి కళ్ళ మీదకు దిగొచ్చు. నాకు ఒక కన్ను సగం మూసుకుపోయింది. వారం తిరిగేసరికి అదే తగ్గింది. ముగ్గేయడం, ఊడవడం, బిందె ఎత్తడం పది రోజులు ఇంకెవరికైనా అప్పజెప్పు. చంటాడిని ఎత్తుకున్నా వాడి చేతులు నీ జుట్టు దాకా రానివ్వకు. తల మీంచి తొడుక్కునే కుర్తాలు పక్కన పెట్టి, ముందు గుండీలున్నవే వేసుకో.

తలస్నానం ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు. చాలాచోట్ల రెండో మూడో రోజున మొదటిసారి వాళ్ళే కడిగి చూపిస్తారు. ఇంట్లో షవర్ కింద నిలబడకు. గోరువెచ్చని నీళ్ళు చెంబుతో సన్నగా పోసుకో. షాంపూను అరచేతిలోనే నురగ చేసి ఆ నురగను అద్దాలి, రుద్దకూడదు. పది రోజులు దాటి డాక్టరు సరేనన్నాక, పక్కులు బాగా నానిన తర్వాత వేళ్ళ కొసలతో మెత్తగా తిప్పితే అవే రాలిపోతాయి. వెనక తల కొన్నాళ్ళు మొద్దుబారినట్టుంటుంది. వేడి తెలియదు కాబట్టి కాగే నీళ్ళూ డ్రయ్యరూ దగ్గరికి రానివ్వకు.

ఇక అసలు గండం ఇంట్లోవాళ్ళ ప్రేమే! మా అమ్మ రెండో రోజే పసుపు నూరి తెచ్చింది, గాయం మానుతుందని. వారానికి కొబ్బరినూనె కాచింది. కుంకుడుకాయలు కొట్టింది. వాటిలో ఏదీ ఆ పచ్చి చర్మం మీద పడకూడదు. నూనె ఎప్పుడు రాయొచ్చో డాక్టరే చెప్పాలి, అది వారాల్లో మాట. పాపిట్లో కుంకుమ, పాపిడిబిళ్ళ, పిన్నులు, తలకు రంగు కూడా అంతే. స్కూటీ మీద వెళ్ళాలంటే హెల్మెట్ తప్పదు, అది నాటినచోట ఒరుసుకుంటుంది. కనుక డాక్టరు ఒప్పుకునేదాకా ఆటోలో వెళ్ళు. అమ్మ తిరుమలకు మూడు కత్తెర్లు మొక్కుకుంది, జడ చివరే కదా, దానికి ఇబ్బంది లేదు. గుండు మొక్కైతే మాత్రం డాక్టర్ని అడిగాకే.

ఇదంతా ఓపికపట్టి చేశాక, మూడో వారంలో నాటిన వెంట్రుకలు దువ్వెనకు వస్తాయి. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. దిండు మీద రాలిన వెంట్రుకలు గుప్పిట్లో పట్టుకుని, డబ్బంతా బూడిదలో పోశానని ఏడ్చాను. నువ్వు ఏడవకు. పైన ఉన్న వెంట్రుక రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది. చుట్టుపక్కల పాత జుట్టు కూడా కొంత రాలొచ్చు. మూడు నాలుగు నెలలకు సన్నగా మొలకెత్తుతుంది, ఆర్నెల్లకు మార్పు తెలుస్తుంది, ఏడాదికి నిండుగా కనిపిస్తుంది. మధ్యలో చిన్న చిన్న పొక్కులు వస్తే గిల్లకు. థైరాయిడ్, రక్తంలో ఐరన్ చూపించుకున్నావా? అవి బాగోకపోతే మిగతా జుట్టు కూడా నిలవదు. మినాక్సిడిల్ మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో డాక్టరు మాటే. గర్భం మాట ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఆ విషయం ముందే చెప్పు.

జ్వరం, చీము, రోజురోజుకీ పెరిగే నొప్పి, చర్మం నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళు. నీకు చేసింది డాక్టరే కదా, పార్లర్ వాళ్ళు కాదు కదా? శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే ఈ పని చెయ్యాలని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. ఆపరేషన్ అయ్యాక ఫోన్ ఎత్తని చోట చేయించుకుని మా బంధువులమ్మాయి చాలా అవస్థపడింది. అందుకే ఇంత గుచ్చి అడుగుతున్నాను.

రోజూ అద్దం ముందు నిలబడకు. నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఒక ఫొటో తీసుకో. నాలుగో నెల ఫొటో నాకు పంపు, నాదీ తీసి ఉంచాను, పక్కపక్కన పెట్టి చూద్దాం.