పడకపుండు: పైకి చిన్నది, లోన పెద్దది

తాటిచెట్టు మీదినుండి పడి వెన్నెముక విరిగిన గీతకార్మికుడు గాని, పక్షవాతము వచ్చిన పెద్దాయన గాని, తుంటి విరిగిన అవ్వ గాని మంచము పట్టినప్పుడు ఇంటివారి దృష్టి యంతయు అసలు జబ్బు మీదనే యుండును. ఈలోగా నడుము క్రింద రూపాయి బిళ్ళంత మచ్చ యొకటి బయలుదేరును. వ్రేలితో నొక్కినను దాని రంగు పోదు. నల్లని మేనిపై ఎరుపు తెలియకపోవచ్చును; ఆ చోటు మరింత ముదురు రంగు తిరిగి, వేడిగనో గట్టిగనో చేతికి తగులును. పడకపుండునకు ఇదియే ఆరంభము.

ఎముకకును పరుపునకును నడుమ నలిగిన కండకు రక్తము అందదు. కొద్ది గంటలలోనే అది చచ్చుట ఆరంభించును. నడుము దిగువ, తుంటి, మడమలు, తల వెనుక భాగము ఇందుకు ముఖ్యస్థానములు. చర్మముకన్న లోని కండయే ముందు చెడును గనుక, పైకి చిన్నదిగా కనబడు పుండు లోపల గుహవలె వ్యాపించి యుండవచ్చును. "ఈపాటి పుండునకు ఆసుపత్రి ఎందులకు?" అని ఇరుగుపొరుగువారు అనుట ఈ సంగతి తెలియకనే.

చచ్చిన కండ సూక్ష్మజీవులకు మంచి ఆహారము. మలమూత్రములు తగులు చోట నవి మరింత సులభముగా చేరును. పుండు చుట్టు వాపు, వేడి, దుర్వాసన, చీము కనబడును. పుండు లోతైనచో చీము ఎముకకు పట్టును. అప్పుడు వారముల తరబడి మందులు, ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సయు అవసరమగును. అన్నిటికన్న ఘోరమైనది, అంటు రక్తములో కలియుట. చలి జ్వరము, ఆయాసము, మూత్రము తగ్గుట, మాట తడబడుట దాని గుర్తులు. స్పర్శ లేని రోగికి నొప్పియే తెలియదు. వృద్ధులకు జ్వరము రాకయే తెలివి తప్పవచ్చును. ఈ గుర్తులలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే 108 వాహనమును పిలువవలెను.

1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు వెన్ను దెబ్బతిన్న సైనికులకు చికిత్స ఆరంభించెను. అంతకు పూర్వము అట్టివారిలో పెక్కుమంది పడకపుండ్లవలనను, మూత్రకోశ వ్యాధులవలనను మరణించెడివారు. ఆయన రాత్రింబవళ్ళు రెండేసి గంటలకొకసారి రోగుల ప్రక్క మార్పించెను. దీనికి యంత్రమక్కరలేదు, రెండు దిండ్లు, తోడు మనిషి చాలును. కాని పగలంతయు పొలములో పనిచేసిన కోడలే రాత్రియు నాలుగుమార్లు లేవవలెననుట న్యాయము కాదు. మగవారును వంతు తీసికొనవలెను.

మడమలు పరుపునకు తగులకుండ పిక్కల క్రింద దిండు నుంచవలెను. తడిసిన బట్టను వెంటనే మార్చవలెను. గ్రుడ్డు, పప్పు, పాలు రోగికి తగినంత పెట్టవలెను. మచ్చపై నూనె రాచి మర్దన చేయుట మేలని పలువురి నమ్మకము. అది లోని కండను మరింత చెరచును. చక్రమువంటి గాలిదిండును మంచిది కాదు. పుండును కాచి చల్లార్చిన నీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పవలెనే గాని, పేడ, బూడిద, మట్టి పెట్టరాదు. వాటివలన ధనుర్వాతము రావచ్చును.

ఆసుపత్రికి పోయినప్పుడు పుండు ఎన్నాళ్ళనుండి యున్నదో, రోగికి మధుమేహము కలదో లేదో వైద్యునికి చెప్పవలెను. దారిలో బండియందు కూడ రోగిని ఆ పుండు మీద పరుండబెట్టరాదు.