గూడ్సు పెట్టెలో బియ్యమునకు చెమ్మ ఎట్లు పట్టును?

కాకినాడ నుండి కోటిపల్లికి రైలుమార్గము 1928లో వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1940లో, ఆ పట్టాలను ఊడదీసి తీసికొనిపోయిరి. మరల 2004లో గాని బండి రాలేదు. అందువలన కె.గంగవరం ప్రాంతపు రైతులలో చాలమంది తమ పంటకు లారీతోనే గాని రైలుతో పని లేదనుకొందురు. కాని మీ వడ్లు మిల్లులో బియ్యమై, ఆహార సంస్థ గిడ్డంగి చేరి, అక్కడనుండి దూర రాష్ట్రములకు పోవునది ఎక్కువగా గూడ్సు బండిలోనే. మీరు వాడు ఎరువు బస్తాలును కాకినాడ రేవునుండి అటువంటి పెట్టెలలోనే పలు జిల్లాలకు పోవుచున్నవి.

ఈ పెట్టెను మీరు చూచియే యుందురు. నాలుగు ప్రక్కల రేకు గోడలు, పైన రేకు కప్పు, ప్రక్కన తలుపులు. వెనుకటి నాలుగు చక్రముల పెట్టె సుమారు 22 టన్నులు మోసెడిది. నేటి ఎనిమిది చక్రముల పెట్టెలలో బి.సి.ఎన్.హెచ్.ఎల్. అను రకము తుప్పుపట్టని ఉక్కుతో చేయబడి, తాను 21 టన్నులకు లోపు తూగుచు, 70 టన్నుల వరకు మోయగలదు. అటువంటివి 58 పెట్టెలు కలిసి ఒక బండి.

లెక్క వేసి చూడుడు. సంచుల నడుమ ఖాళీలుండును గనుక పెట్టెకు 60 టన్నుల బియ్యమే అనుకొందము. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 32 పండినచో 24 క్వింటాళ్ల వడ్లు. నూటికి 67 చొప్పున 16 క్వింటాళ్ల బియ్యము. ఒక పెట్టె నిండుటకు 37 ఎకరముల పైచిలుకు పంట కావలెను. బండి మొత్తమునకు రెండు వేల ఎకరములు దాటును. పూర్వము ఒక వర్తకుడు ఒక్క పెట్టెనైనను కట్టించుకొనుటకు వీలుండెడిది. ఇప్పుడు రైల్వేవారు హెచ్చుగా పూర్తి బండినే నడుపుదురు. కావున ఎందరో రైతుల పంట ఒకే కప్పు క్రింద చేరును. అందులో ఒకరి తడి ధాన్యము పది మంది ధాన్యమును చెరుపగలదు.

పెట్టె వానను ఆపును, చెమ్మను ఆపలేదు. ఏలనన చెమ్మ బయటనుండి వచ్చునది కాదు, బస్తాతోబాటే లోపలికి ఎక్కును. గింజ తనలోని నీటిని చుట్టునున్న గాలికి ఇచ్చుచు, తీసికొనుచు నుండును. తేమ 14 శాతము వద్ద నున్న గింజ చుట్టు గాలిలో బూజు సులభముగా పెరుగజాలదు. అంతకు మించినకొలది గాలి తడియగును. పగలు ఎండకు రేకు కాలి లోపలి గాలి వేడెక్కును, గింజనుండి ఆవిరి లేచును. రాత్రి కప్పు చల్లబడగానే ఆ ఆవిరి రేకు అడుగున బొట్లుగా నిలిచి పైవరుస సంచులపై రాలును. అక్కడ బూజు, ముక్క వాసన, రంగు మారుట మొదలగును.

నమ్మకము లేనివారు ఇంటివద్దనే చిన్న గూడ్సు పెట్టెను చేసి చూడవచ్చును. మూతగల రేకు డబ్బాలు రెండు తీసికొనుడు. ఒకదానిలో బాగుగా ఆరిన వడ్లు, రెండవదానిలో కోత యంత్రమునుండి అప్పుడే వచ్చిన వడ్లు మూడు వంతుల వరకు పోసి, మూతలు బిగించి ఒక పగలు ఎండలో నుంచుడు. మరునాడు తెల్లవారుజామున మూతలు తీసి వాటి అడుగును వ్రేలితో తాకి చూడుడు. పిల్లలకు కూడ చూపుడు. రైలుబొమ్మతో ఆడుట కన్న ఇది వారికి వినోదముగా నుండును.

ఇక రైతు చేతిలోని పని. యంత్రముతో కోసిన వడ్లలో తేమ 20 నుండి 25 శాతము వరకు ఉండుట సామాన్యము. కొనుగోలు ప్రమాణము 17 శాతము. ఆరబెట్టిన తూకము పోవునని కొందరు సంకోచింతురు. 22 శాతము తేమ గల 75 కిలోల బస్తా 17 శాతమునకు వచ్చుసరికి 70 కిలోల 500 గ్రాములుండును. పోయిన నాలుగున్నర కిలోలు నీరే గాని వడ్లు కావు. ఆ నీటికి ధర రాదు సరికదా, కేంద్రము వద్ద బండి నిలిచిపోయిన కూలి, బాడుగ మీదనే పడును. గుట్టగా పోసిన తడి ధాన్యము వేడెక్కి బియ్యము పసుపు రంగు తిరిగినచో దానిని ఏ మిల్లును బాగుచేయజాలదు.

సార్వా కోతల నాటికి తుపాను భయము ఉండును గనుక, బరకములను కోతకు ముందే సిద్ధము చేసికొనుడు. వడ్లను రెండు మూడు అంగుళముల మందమున పరచి, గంటకొకమారు కాలితో గాని పలుగొట్టుతో గాని తిరుగవేయవలెను. దాళ్వా వడ్లకు కష్టము వేరు. వేసవి మిట్టమధ్యాహ్నపు ఎండలో పలుచగా పరచి ఒక్కసారిగా ఆరబెట్టినచో గింజలో సన్నని బీటలు పుట్టి మిల్లులో నూకగును. అట్టివేళ కొంతసేపు కుప్పచేసి కప్పి, ఎండ తగ్గిన పిమ్మట మరల పరచుట మేలు. కొరికి చూచి చెప్పు తేమ నమ్మదగినది కాదు. రైతు సేవా కేంద్రములోని తేమ కొలుచు యంత్రముతో, కుప్పలో మూడు నాలుగు చోట్లనుండి తీసిన గింజలను కలిపి చూపించుకొనుడు. పై గింజలను మాత్రము తీసికొనిపోయిన అంకె తప్పు వచ్చును.

విత్తనమునకు ఉంచుకొను వడ్లు 13 శాతమునకు మించరాదు. కొబ్బరి రైతులకును ఇదే సూత్రము వర్తించును: కురిడీ, కొబ్బరి సుమారు 6 శాతము తేమకు రానిదే మూసిన గదిలో గాని, పెట్టెలో గాని నిలువయుంచరాదు.